తాడు పట్టుకున్నదెవరు

బొమ్మలు గీయడం కృపావతికి సండే స్కూలు పిల్లల పుణ్యమా అని అబ్బింది. కథని ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. అదే ఆమె ప్రాణం మీదికి వచ్చింది.

కాపు రోజుల్లో కాఫీ పళ్లు కోస్తుంది, వానల్లో సోళ్ల చేను, అదే రాగుల చేను, చూసుకుంటుంది. మిగతా వేళల్లో చార్టు మీద బొమ్మల కథ గీస్తుంది. సీలేరు దారిలోని సంతలో ఆదినారాయణకి టీ కొట్టు ఉంది. మైదానం నుంచి వచ్చిన వ్యాపారి, మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు. ఆయన కొట్టు గోడకి వారానికో చార్టు అంటించుకోనిచ్చాడు. కథలో ఒక వేటగాడు అడవికి పోతాడు, లోయ అంచున కాలు జారుతుంది, తీగ పట్టుకుని వేలాడతాడు. వేటగాడికి ఏ మొహం పెట్టాలో తోచక తనని అక్క వరసన 'అప్పా' అని పిలిచే పక్కింటి బుధు మొహం పెట్టేసింది. బుధు మురిసిపోయి, కనబడ్డ ప్రతివాడికీ "అది నానే!" అని చెప్పుకు తిరిగాడు.

వేటగాడు వేలాడిన వారం జనం గోడ ముందు విరగబడ్డారు. ఆదినారాయణ ఆమెని పక్కకి పిలిచాడు.

"అమ్మా కృపావతీ, అప్పుడే దించేయకు తల్లీ! దించావంటే వచ్చే సంతకి ఈ గోడ ముందు కుక్క కూడా నిలబడదు. ఆ తీగని కాస్త తెంపి ఆపు."

తెంపింది. ఆ పై వారం బొమ్మలో కందిరీగలు వచ్చాయి. ఆ పై వారం వాన. నిజానికి వాణ్ణి ఎలా దించాలో ఆవిడకే తెలియదు. ఆ సంగతి బయటపెడితే పరువేం మిగులుతుంది!

ఇంతలో చైత్రం వచ్చింది, మన్యంలో వేటాడే ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని కొండెక్కాలి. ఈ రోజుల్లో కొట్టేదేమీ లేకపోయినా ఎక్కి దిగాల్సిందే. ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు, అదొక సంబరం. ఇంట్లో కూర్చున్న మగాడికి ఆ పేడనీళ్ల భాగ్యం కూడా ఉండదు. వేటకి ముందు నడిచేది మంగ్లు. బుధుకి స్వయానా మేనమామ. వేట రోజు ఇంకా రాకముందే ఆయన బుధుని ఆపేశాడు.

"నువ్వు రావొద్దురా."

"ఏటి మావా? నానేటి సేసినాను?"

"లోయలో ఏలాడతన్నావు కదరా. పడతాడో బతుకుతాడో తేలనోణ్ణి ఎంట తీసికెళ్తే అందరికీ కీడు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బుధు కూడా నవ్వాడు. మంగ్లు నవ్వలేదు.

బుధు తిన్నగా కృపావతి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అప్పా, నన్ను దించీ."

"అది బొమ్మ కదరా!"

"బొమ్మని నాకు తెల్దా? మావకి సెప్పు ఆ మాట! ఈ యేడు నాను కొండెక్కకపోతే నా పెళ్లాం ముందు తలెత్తుకోగలనా?" అన్నాడు. అంత మగాడి కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి.

కృపావతికి మనసు చివుక్కుమంది. గీసింది తను. వేలాడుతున్నది కాగితం మీద. ఇంట్లో కూర్చోవాల్సింది మాత్రం వీడు. ఇందులో తప్పు ఎవరిది? ఆదినారాయణ ఆపమంటాడు, వీడు దించమంటాడు. ఎంత ఆలోచించినా ఎటూ పాలుపోలేదు. చివరికి మనసు రాయి చేసుకుని దించేసింది. ఒక గడిలో తీగ, ఒక గడిలో పైనుంచి జారిన తాడు, ఒక గడిలో నేల మీద నిలబడ్డ బుధు. అయిపోయింది.

సంతలో జనం చూశారు. "అంతేనా?" అంది పసుపు అమ్మే సోని, గంప నెత్తికెత్తుకుంటూ. ఆదినారాయణ తల పట్టుకున్నాడు. అందరికంటే ముందు మొహం మాడ్చుకున్నది ఎవరనుకున్నారు? బుధే!

"ఇదేటప్పా! ఇన్ని వారాలు ఏలాడదీసి, ఇంత బేగి దించీసినావేటి?"

"నువ్వే కదరా దించమన్నావు!"

"దించమన్నాను గానీ... ఇలాగా?"

కృపావతికి ఏడవాలో నవ్వాలో అర్థం కాలేదు. ఈలోగా మంగ్లు జనాన్ని తోసుకుని వచ్చి, బొమ్మలో తాడు పై కొస మీద వేలు పెట్టాడు.

"ఈ తాడు ఎవుడు పట్టుకున్నాడు? పైన మనిసే లేడు. మనిసి లేని తాడు పట్టుకుని దిగితే దిగినట్టా? ఈడు రావడానికి లేదు."

కృపావతికి ఒళ్లు మండిపోయింది.

"ఎవుడు పట్టుకున్నాడో నాకేటి తెలుసు మావా! నాకసలు ఏటీ తెల్దు! ఎక్కడ ఆపాలో తెల్దు, ఎలాగ దించాలో తెల్దు! ఒరే బుధూ, నువ్వే సెప్పు. నిజంగానే నువ్వు ఏలాడితే తాడు పట్టీదెవరు?"

బుధు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇంకెవరు? మావే పడతాడు."

మంగ్లు మేనల్లుడి వైపు చూడలేక గోడ వైపు చూశాడు. తర్వాత వెళ్లి కొట్టు బల్ల మీద కూర్చుని, రెండు పిడికిళ్లూ బిగించి ముందుకు చాపాడు.

"గియ్యి. బేగి గియ్యకు. సేతులు సరిగ్గా రానీ."

కృపావతి చార్టు నేల మీద పరుచుకుని కూర్చుంది. ఆదినారాయణ గ్లాసుతో టీ తెచ్చి పక్కన పెట్టాడు. పట్టు వదలాల్సి వస్తుందని మంగ్లు దాన్ని ముట్టుకోలేదు.