చెల్లెలి మందు పెట్టె

ఒక్క అబద్ధం. ఏళ్లుగా మోస్తున్నాను. చెప్పుకోవాల్సింది మా చెల్లెలితో. ఆమె ముందు నోరు పెగలక, ముఖం తెలియని మీతో చెబుతున్నాను.

చెల్లెలు సుజాత ఐరాల దగ్గర పల్లెలో ఆవులు పెట్టుకుని బతికేది. ముప్పై దాటకుండానే కీళ్లవాతం వచ్చింది. ఒంట్లోని రక్షణశక్తే దారితప్పి సొంత కీళ్లను తినేస్తోందని తిరుపతి డాక్టరు చెప్పారు. పొద్దున్నే పిడికిలి ముడుచుకునేది కాదు. పాలు పిండలేక ఆవు పక్కన కూర్చుని ఏడ్చేది. ఇదివరకైతే ఈ జబ్బుకు మంచమే గతి అనేవారు. ఇప్పుడు మొదట్లోనే సరైన మందు పడితే వేళ్లు వంకరపోకుండా ఆపవచ్చని డాక్టరు ధైర్యం చెప్పారు. మాత్రలకు లొంగకపోతే కొత్తరకం సూదిమందు మొదలుపెట్టారు. వాపు తీసింది. తన చేత్తో పిండిన పాలు తీసుకుని చిత్తూరులో మా ఇంటికి వచ్చిందొకసారి. ఎంత నవ్వుకున్నామో.

ఆ మందు చల్లగా ఉండాలి. పల్లెలో కరెంటును నమ్మలేక మా ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. ఎండాకాలంలో మా ఆయన తరఫు చుట్టాలు వచ్చారు. స్వీట్లకు చోటు చాలక మందు పెట్టె తీసి వంటింటి అటక మీద పెట్టాను. కాసేపే అనుకున్నాను. మరిచిపోయాను. వాళ్లు వెళ్లాక చూస్తే పెట్టె వెచ్చగా ఉంది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెల్లెలికంటే చుట్టాల స్వీట్లే ఎక్కువయ్యాయా అని ఎవరైనా అంటారని భయపడ్డానా, లేక ఆ మాట నిజమేనని నాకే తోచిందా, ఇప్పటికీ తేల్చుకోలేను. ఎవరూ చూడకుండా మళ్లీ లోపల పెట్టాను. సుజాత వస్తే అందులోని సూదులే ఇచ్చాను.

వాపు తిరిగొచ్చింది. తిరుపతికి నేనూ తోడు వెళ్లాను.

"మందు చల్లగానే పెట్టినారా అమ్మా? యాడన్నా బయట ఉండిపోయిందా?" అని డాక్టరు అడిగారు.

నేను నోరు తెరిచేలోపే సుజాత అంది: "మా అక్క ఇంట్లో ఉండాది సార్. నాకంటే అక్కకే జాగర్త."

"బయట పెట్టలేదు సార్," అన్నాను.

ఇక ఈ మందు ఆమెకు పనిచేయదని ఆపేశారు. ఇంకో మందు కుదిరేలోగా కుడిచేతి వేళ్లు రెండు వంకరపోయాయి. ఆవులను అమ్మేసుకుంది.

వేడికే మందు చెడిందా? ఆమె ఒంటికే అది పట్టడం మానేసిందా? నాకు తెలియదు. తేల్చగలిగిన మనిషి అడిగితే అబద్ధమాడాను.

మొన్న అదే డాక్టరు, ఆ కోవలోనే మెరుగైన సూది వచ్చింది, మళ్లీ ప్రయత్నిద్దామన్నారు. సుజాత తల అడ్డంగా ఊపింది. "వద్దు సార్. ఆ సూదులు నాకు పడవు. నా ఒళ్లే అట్లాంటిది."

పక్కనే ఉన్నాను. ఆమె చీటీలు సర్ది సంచిలో పెట్టాను.

ఆ పెట్టె బయట పెట్టింది నేను. పెట్టలేదని చెప్పింది నేను. ఇంత రాసేసరికి ఊపిరి కొంచెం ఆడుతోంది. సుజాత ఇంకా తన ఒంటినే తిట్టుకుంటోంది.