కవర్ల సంచీ, నాగరత్న మాటా

ఆ రోజు పొద్దున నా భార్య నాగరత్న నన్ను తిట్టలేదు. పెళ్లయిన నాటి నుంచి మా ఇంట్లో అలాంటి పొద్దు లేదు. మగ్గం గుంటలో దిగే ముందు కాఫీ తాగడం నాకు అలవాటు. మాటల్లో పడి దాన్ని చల్లార్చడం నాకు, అందుకు తిట్టడం ఆమెకు అలవాటు. ఆ పూట కాఫీ చల్లారి మీగడ కట్టినా ఆమె నోరు మెదపలేదు. "ఏమే, అలిగినావా?" అన్నాను. నా వైపు తిరిగింది. మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. కుడి చేతిలోని గ్లాసు జారి పడింది. పడిన సంగతి కూడా ఆమెకు తెలిసినట్టు లేదు.

మాది ధర్మవరం, పట్టు చీరలు నేసే ఇల్లు. ఇది ఎనభైల మొదట్లో మాట. వీధిలోని డాక్టరు బీపీ చూసి, "ఈడ పెట్టుకోవద్దప్పా, అనంతపురం తీసుకపో" అన్నాడు. బత్తలపల్లె మీదుగా జీపులో తీసుకుపోయాం. దారి పొడుగునా ఆమె నాకేదో చెప్పాలని చూసింది. "త... త..." తప్ప ఏమీ రాలేదు. ఆ చూపు నేను మరిచిపోలేను.

"స్ట్రోక్. రైట్ సైడ్ పెరాలిసిస్" అన్నాడు ఆస్పత్రిలో పెద్ద డాక్టరు. "బ్రెయిన్‌లో లెఫ్ట్ సైడ్ దెబ్బతింది. స్పీచ్ కూడా అక్కడే ఉంటుంది." ఈసీజీ తీశారు, బ్లడ్ షుగర్ చూశారు, మింగడం రావట్లేదని ముక్కులో ట్యూబ్ వేశారు. నేను ఒకటే అడిగాను.

"సార్, మాట వస్తాదా?"

"నడక కొంత రావచ్చు. మాట సంగతి ఇప్పుడే చెప్పలేను."

నడవకపోతే ఎత్తుకుంటాను. ఆమె మాట లేని ఇంట్లో నేనెట్లా ఉండేది? నా భయమంతా అదే.

నాగరత్న గురించి కొంచెం చెప్పాలి. ఆమెకు క్రోషియా పని బాగా వచ్చు. కొక్కెం సూదితో దారం అల్లి రేడియోకు, కూజాకు, చివరికి నీళ్ల చెంబుకు కూడా చొక్కాలు తొడిగిన మనిషి. మధ్యాహ్నాలు వీధి ఆడపిల్లలకు అరుగు మీద నేర్పేది. ఎవరైనా అల్లిక తప్పితే "ఇప్పు" అనేది. బతిమాలినా, కళ్లనీళ్లు పెట్టుకున్నా, ఆ పిల్ల అంతా విప్పి మళ్లీ అల్లాల్సిందే. ఇంకొకటి, ఏదీ పారేసే రకం కాదు. చీరల అంగళ్లలో అప్పుడప్పుడే ప్లాస్టిక్ కవర్లు ఇవ్వడం మొదలైంది. వాటిని కడిగి, బట్టలతో పాటు దండెం మీద ఆరేసి, మడిచి పరుపు కింద దాచేది. "ఏం చేసుకుంటావే?" అంటే, "పనికొస్తాయిలే, నీ మాదిరి కాదు" అనేది.

ట్యూబ్ తీసేశాక ఫిజియోథెరపీ చేసే ఆయన వచ్చాడు. "ఎడమ చేతికి పని చెప్పండి, కుడి చేతిని కూడా అందులోకి లాగండి. బొమ్మను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టొద్దు" అన్నాడు. గుత్తిలో కాపురం ఉండే మా కూతురు పద్మ క్రోషియా సూదీ దారం తెచ్చి ఇచ్చింది. ఆ సన్నటి దారం నాగరత్న ఎడమ చేతికి చిక్కలేదు. సూదిని విసిరేసి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను వరండాలోకి పోయి ఏడ్చాను.

చూడవచ్చినవాళ్లు బ్రెడ్డూ బత్తాయిలూ తెచ్చిన కవర్లు మంచం కింద గుట్టపడ్డాయి. నేసే చేతులు ఊరికే ఉండలేవు. ఒక రోజు కవరును అడ్డంగా కత్తిరించి రింగులు చేశాను. రింగుకు రింగు ముడేస్తే లావాటి పోగు తయారైంది. వెదురు పుల్లకు కొక్కెం చెక్కుకుని, ఆ పోగుతో గొలుసు అల్లడం మొదలుపెట్టాను. నాకు వచ్చిందీ లేదు, చచ్చిందీ లేదు.

"నాయనా, ఇదేమి, పాము కుబుసమా?" అంది పద్మ.

నాగరత్న చాలాసేపు చూసింది. ఎడమ చెయ్యి చాచి, కొస పట్టుకుని లాగింది. సర్రున అంతా ఊడి వచ్చింది.

నాకు కడుపు మండింది. మగ్గం మీద తప్పు పడితే నాలుగు పోగులు వెనక్కి తీస్తాం గానీ, నేసిందంతా విప్పడం మా ఇంట్లో అపశకునం. అరవబోయి ఆమె మొహం చూశాను. సగం మూతితో నవ్వుతోంది. జబ్బు పడ్డాక అదే మొదటి నవ్వు. అపశకునం సంగతి అంతటితో వదిలేశాను.

అప్పటి నుంచి నేను అల్లేది, ఆమె విప్పేది. ఇంటికి వచ్చాక కూడా మగ్గం పక్కనే మంచం వేయించి ఇదే పని. నేను వేసిన ముడులు బొడిపెల్లా ఉన్నాయని ఆమెకు మహా రోత. ఒక రింగులోంచి ఇంకో రింగును దూర్చి బిగిస్తే ముడే అక్కర్లేదని ఒంటి చేత్తో చూపించింది. అలా చూపించాక కూడా నేను పాత అలవాటు కొద్దీ ముడి వేస్తుంటే, ఆమె పెదాలు బిగుసుకున్నాయి.

"ఇ... ప్పు" అంది.

నేను చేతిలో ఉన్నదంతా విప్పేశాను. విప్పుతూ ఏడుస్తూనే ఉన్నాను. డాక్టరుకు చెబితే, "వెరీ గుడ్. ఒక మాట వచ్చిందంటే ఆశ పెట్టుకోవచ్చు" అన్నాడు.

మా సంబరం నిలవలేదు. ఒక మధ్యాహ్నం ఆమెకు ఫిట్స్ వచ్చాయి. మళ్లీ అనంతపురం, మళ్లీ అడ్మిషన్. "స్ట్రోక్ తర్వాత కొందరికి ఇలా వస్తుంది. ఈ టాబ్లెట్లు ఒక్క పూట కూడా మానొద్దు" అన్నారు. తిరిగొచ్చేసరికి ఉన్న ఒక్క మాటా పోయింది. ఆమె కళ్లలో కోపం కూడా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఈలోగా నాకు పని బాగా చేతికొచ్చింది. కవర్లతో చుట్టకుదుర్లు అల్లాను. బోరింగు దగ్గర నుంచి నెత్తిన బిందెలు మోసే ఆడవాళ్లకు గుడ్డ కుదురు తడిసి నీళ్లు మెడ మీదికి కారతాయి. ఇది తడవదు, దులిపితే చాలు. వీధి వీధంతా వచ్చి అడిగింది. నా గొప్ప చూపించుకోవాలని ఒక సంచి అల్లి నాగరత్న ఒళ్లో పెట్టాను. అంచు తీరు, అడుగు గుండ్రం, వంక పెట్టడానికి లేదు. ఒకసారి తడిమి, పక్కన పెట్టి, కళ్లు మూసుకుంది.

తల్లి కోసం మా దగ్గరే ఉండిపోయిన పద్మ వంటింట్లోంచి అంది: "నీకు బాగా వచ్చేసింది నాయనా. ఇంక అమ్మకు ఏం పనుండాది?"

ఆ మాట నన్ను మగ్గంలో కూర్చోనివ్వలేదు. మరుసటి రోజు కావాలనే అల్లిక మధ్యలో ఒక్కో కన్ను వదిలేస్తూ కొత్త సంచి మొదలుపెట్టాను. తప్పు పడకుండా నేసిన వంశంలో పుట్టి తప్పులు వెతుక్కుని చేయడం ఎంత కష్టమో మీకు తెలియదు. మా నాయన బతికి ఉంటే నన్ను మగ్గం గుంటలోనే పూడ్చేవాడు.

మొదట్లో ఆమె చూడనే లేదు. తర్వాత ఓరకంట చూసింది. కొన్నాళ్లకు చెయ్యి చాచి లాగింది. నెలలు పట్టింది గానీ "ఇప్పు" తిరిగొచ్చింది. దాని వెనకే "ఆడ", "వదిలినావు" వచ్చాయి. కుడి చెయ్యి వేళ్లు కదలకపోయినా, అల్లిక జారకుండా దాని మీద బరువు పెట్టి అదిమేది. నేను తప్పులు పెంచుకుంటూ పోయాను.

ఒక సాయంత్రం నా సంచి మరీ ఒక పక్కకు ఒరిగింది. నాగరత్న సంచిని చూసింది, నా మొహం చూసింది.

"నువ్వు... కావాలనే... తప్పు చేస్తాండావు."

మొత్తం వాక్యం! ఇంట్లో ఆ పూట మూగ వంతు నాది. ఎట్లాగో, "లేదే, నాకు రాదే" అన్నాను.

"దొంగ" అంది. పద్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చి తల్లిని కరుచుకుంది.

ఇప్పుడు నాగరత్న కాలు ఈడుస్తూ నడుస్తుంది. మాటలు మా సీమలో వానల్లాగే తక్కువ, కానీ పడతాయి. ఎడమ చేత్తో సంచులు అల్లుతుంది. తను పట్టుకుని లేవడానికి మంచానికి ఒక పట్టీ అల్లుకుంది. నాకు మగ్గం గుంట అంచున కూర్చోవడానికి మెత్త అల్లింది. బీపీ టాబ్లెటు, ఫిట్స్ టాబ్లెటు నా కాఫీతో పాటే వేసుకుంటుంది. కాఫీ చల్లారితే తిడుతుంది. ఆ తిట్టు వినడానికి కొన్ని రోజులు చల్లారుస్తాను కూడా.

మీ ఇంట్లో ఇట్లాంటి జబ్బు మనిషి ఉంటే నేను చెప్పేది ఒకటే. వాళ్ల ముందు మరీ పనిమంతులు కాకండి. వాళ్లకు బాగా తెలిసిన పని ఏదో ఒకటి వాళ్ల కళ్లెదుట చేయండి, తప్పు పట్టడానికి వాళ్లకు కొంచెం మిగల్చండి.

ఇదంతా రాసి నాగరత్నకు చదివి వినిపించాను. రెండు చోట్ల "ఇప్పు" అంది. విప్పి మళ్లీ రాశాను.