మావయ్యగారి నాయనమ్మ పేరు

ఆ రోజుల్లో నేను చాలా చిన్నదాన్ని. అంటే వయసు నలభై దాటింది, పెద్దపిల్ల కాలేజీకి వెళ్తోంది, తలలో అక్కడక్కడ తెల్లవెంట్రుకలూ వచ్చాయి. కానీ అక్షరాలు వచ్చి ఏడాదే అయింది కాబట్టి ఆ లెక్కన నాకింకా పాలపళ్లు ఊడలేదు. ముసునూరు దగ్గర మా ఊళ్లో అంగన్‌వాడీ గదిలో, మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఒక పంతులమ్మ మాబోటి ఆడవాళ్లకి చదువు చెప్పేది. పిల్లల బుల్లి చాపలు మాకు చాలక, సగం చాప మీదా సగం నేల మీదా కూర్చుని దిద్దేవాళ్లం. చదవడం వచ్చాక నాకు పట్టిన పిచ్చి అంతా ఇంతా కాదు. పురుగుమందు డబ్బా, మామిడికాయల అట్టపెట్టె, గోడ మీద వెలిసిపోయిన ఎన్నికల రాతలు, ఏదీ వదిలేదాన్ని కాదు. ఒకసారి హనుమాన్ జంక్షన్‌లో ఆగి ఉన్న లారీ వెనక రాసింది కూడబలుక్కుంటుంటే, సరిగ్గా చివరి మాట దగ్గరికి వచ్చేసరికి లారీ కదిలి వెళ్లిపోయింది. (ఆ మాటేంటో నాకిప్పటికీ తెలీదు. అప్పుడప్పుడు గుర్తొచ్చి బాధపడుతుంటాను.)

కిందటిసారి కృష్ణకి పుష్కరాలు వచ్చింది అప్పుడే. ఇంకా రెండు నెలలు ఉన్నాయనగానే మా మావయ్యగారికి దిగులు పట్టుకుంది. మా ఇళ్లలో తద్దినం అంటే పంతులుగారికి స్వయంపాకం ఇచ్చి దణ్ణం పెట్టుకోవడమే, పేర్ల దాకా ఎవరూ వెళ్లరు. పుష్కరాల్లో మాత్రం రేవులో కూర్చోబెట్టి నాన్న పేరు, తాత పేరు, అమ్మ పేరు, నాయనమ్మ పేరు అని ఒక్కొక్కటే అడుగుతారు. ఆయనకి నాయనమ్మ పేరు తెలీదు. తెలియకపోవడమేంటి అని మీరనొచ్చు. తల్లి పురిట్లోనే పోతే ఆయన్ని పెంచింది ఆ నాయనమ్మే. మొగుడు పోయిన మనిషి, పాడు పడి ఉన్న మెట్ట చేలో ఒక్కతే గోతులు తీయించి, కుండలతో నీళ్లు మోసి రసాల మామిడి మొక్కలు బతికించింది. మేం ఇవాళ తింటున్న తిండి ఆ తోటదే. ఊరంతా ఆవిణ్ణి తోటవ్వ అనేవాళ్లు. పేరు పెట్టి పిలిచేంత పెద్దవాళ్లెవరూ అప్పటికి మిగల్లేదు. తన పన్నెండో ఏట ఆవిడ పోయేదాకా మావయ్యగారికి ఆవిడ నాయనమ్మే. నాయనమ్మకి వేరే పేరు ఉంటుందని పిల్లలకి తడుతుందా?

అంతకు ముందు పుష్కరాల్లో పంతులుగారు, పేరు తెలియకపోతే లక్ష్మమ్మ అనండి, తప్పులేదు అన్నారట. ఈయన అనేశారు. అనేసి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మనసులో ముల్లు దిగింది. "ఎవరో లక్ష్మమ్మకి పెట్టి వచ్చానమ్మా. మా నాయనమ్మ గట్టున కూర్చుని చూస్తూనే ఉండి ఉంటుంది, అందర్నీ పిలుస్తున్నాడు, నన్ను పిలవడేంటా అని. ఈసారి కూడా పిలవకపోతే మళ్లీ పుష్కరాలకి నేనుంటానా?" అన్నారు నాతో.

ఈ దిగులు మైలవరంలో ఉన్న చిన్నమావయ్య దాకా వెళ్లింది. ఈయన మా మావయ్యగారికి చిన్నాన్న కొడుకు, ఆ నాయనమ్మకే మనవడు, ఆవిడ పోయేనాటికి పాలు తాగే పిల్లాడు. అయినా సందేహం లేకుండా, ఆవిడ పేరు రాజ్యలక్ష్మమ్మ అని చెప్పేశారు. ఎలా తెలుసంటే, పది జతల ఎడ్లున్న ఇంటి నుంచి వచ్చిన ఆడపిల్లకి ఇంకేం పేరు పెడతారు అన్నారు. ఆయన అప్పటికే తన వాటా తోట గేటుకి 'రాజ్యలక్ష్మి మ్యాంగో గార్డెన్స్' అని బోర్డు రాయించడానికి పెయింటర్‌తో మాట్లాడేసుకున్నారు. మావయ్యగారికి మాత్రం ఆ మాట లోపలికి దిగలేదు. జమీందారీ పోయి రైతులకి పట్టాలు రాసినప్పుడు తోట నాయనమ్మ పేరునే రాశారని ఆయనకి లీలగా గుర్తు. ఆ పుస్తకాలు చూస్తే చాలన్నారు. మా ఆయన్ని అడిగితే, కాయ చివరి కోతకి వచ్చింది, ఇప్పుడు అవ్వ పేరుకి ఏం తొందర అన్నారు. అప్పుడు మావయ్యగారు నా వైపు తిరిగి, "చదువుకున్నదానివి నువ్వున్నావుగా, పదమ్మా" అన్నారు. మా అత్తయ్య వంటింట్లోంచి, ఇక మన ఇంట్లో కలెక్టరు రకం మామిడికాయే కాదు, కలెక్టరుగారే ఉన్నారు అంది. ఎగతాళే. అయినా నేను ఆ పూట ఇస్త్రీ చీర తీశాను.

ముసునూరు ఆఫీసులో, అంత పాతవి నూజివీడులోనే ఉంటాయన్నారు. నూజివీడు వెళ్లాం. రికార్డు గది మేడ మీద. మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు, కళ్లలో శుక్లాలు, పైగా వినికిడి కాస్త తక్కువ. ఆయన్ని కింద టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే మెట్లెక్కాను. అక్కడ ఒక గుమస్తా, మంచి కుర్రాడు, ఊరు పేరు రాసుకుని, ఇంటిపేరు రాసుకుని, ఆవిడ భర్త పేరు చెప్పండమ్మా, దాన్ని బట్టి వెతుకుదాం అన్నాడు.

ఆవిడ భర్త పేరే మా మావయ్యగారికి పెట్టారు. తాత పేరు మనవడికి పెట్టడం మా వైపు ఆనవాయితీ. మావయ్యగారి పేరు కోడలు నోటితో అనకూడదు. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను ఆ పేరు అనలేదు. రేషన్ షాపులో అడిగినా పక్కవాళ్ల చేత చెప్పించేదాన్ని. ఇక్కడ పక్కన మా వాళ్లెవరూ లేరు. కిందికి దిగి మావయ్యగారిని అడిగి ఆయన పేరు ఆయన చేతే చెప్పించుకుని రావచ్చు, కానీ వచ్చాకైనా పలకాల్సింది నేనేగా.

"చెప్పకూడదండీ," అన్నాను.

"రహస్యమా అమ్మా?" అన్నాడు పాపం.

సంగతి అర్థమయ్యాక నవ్వి, పోనీ గుర్తులు చెప్పండి అన్నాడు. రెండు దేవుళ్ల పేర్లు కలిసి ఉంటాయండీ, ముందు ఏడుకొండలాయన, వెనకాల పుట్టలో ఉండే ఆయన అన్నాను. నాకైతే దీపంలా కనపడుతోంది. ఆ కుర్రాడు ఆలోచించి, తిరుపతి నాగయ్యా అన్నాడు. నా వెనక ఏదో నకలు కోసం నిలబడ్డ ఒకాయన, శ్రీనివాస నాగేశ్వరరావు అయ్యుంటుంది అన్నాడు. అంత కొత్త పేరు కాదండీ అన్నాను. ఆయన వెనకాల ఉన్నాయన బాలాజీ పుట్టయ్య అన్నాడు. అలాంటి పేరు ఎక్కడైనా ఉంటుందా అని ముందాయన కోప్పడ్డాడు. ఉంటుంది, మా బావమరిది పేరే అని వెనకాయన. లోపలి గదిలోంచి ఇంకో ఉద్యోగి కూడా గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మామిడికాయల మార్కెట్‌లో వేలంపాట జరిగినట్టే ఉంది, ఒకరి మీద ఒకరు పాడుతున్నారు, సరుకు మాత్రం నా నోట్లోనే ఉండిపోయింది. చెమటలు పట్టేశాయి. కింద ఆ ముసలాయన నా కోసం ఎదురుచూస్తుంటే ఒక్క పేరు అడ్డం పడి వెనక్కి వెళ్లాలా అని ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు ఆ కుర్రాడి చేతిలో పెన్ను కనపడింది. అనకూడదని మా అమ్మ చెప్పింది, అత్తయ్య చెప్పింది. రాయకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం మా ఇంట్లో ఏ అత్తకీ ఇంతవరకూ రాలేదు మరి. పెన్ను ఇమ్మని అడిగి, కాగితం దగ్గరికి లాక్కుని, వెంకటసుబ్బయ్య అని రాశాను. (ఇప్పుడూ రాస్తున్నానంతే, అనలేదు.) రెండు ఒత్తులు, రెండూ సరిగ్గా కింద పడ్డాయి. వెనకాయన వంగి చదివి, ఓస్ ఇంతేనా అన్నాడు.

పుస్తకం వచ్చింది. మా పంతులమ్మ నేర్పిన అక్షరాలు ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా విడివిడిగా ఉండేవి. ఈ గొలుసుకట్టు రాతలో అన్నీ తిరనాళ్ల జనంలా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆ కుర్రాడు ఒక పేజీ, నేను ఒక పేజీ, వేలు పెట్టుకుంటూ దిగాం. ముందు చూసింది నేనే. మామిడి తోట అని ఉంది, పక్కన భర్త పేరు ఉంది, ఆ ముందు ఆవిడ పేరు. పుల్లమ్మ. నేను కూడబలుక్కున్నాను, ఆ కుర్రాడు తిన్నగా చదివాడు. ఇద్దరికీ ఒకటే వచ్చింది.

కిందికి వచ్చి నకలు మావయ్యగారి చేతిలో పెట్టాను. శుక్లాల కళ్లతో ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి నాకే ఇచ్చేశారు. ఆయనకి వినపడాలంటే గట్టిగా చెప్పాలి. అంత పెద్దావిడ పేరు టీకొట్టు ముందు అరవొచ్చో లేదో నాకెవరూ చెప్పలేదు. తలమీద కొంగు కప్పుకుని అరిచాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, "మళ్లీ అనమ్మా" అన్నారు. మళ్లీ అన్నాను. బస్సులో దారంతా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

కబురు తెలిసి ఆదివారం చిన్నమావయ్య దిగారు. ఆయనకి ఆ పేరు అస్సలు నచ్చలేదు. పెద్దింటి పిల్లకి పుల్లమ్మేంటి, పాలేళ్ల పేరులా ఉంది అన్నారు. అమ్మాయి కొత్తగా చదువుకుంది, ఆ పాత రాతలో ఒకటి చూసి ఇంకొకటి అనుకుని ఉంటుంది, ఎందుకైనా మంచిది, రేవులో రాజ్యలక్ష్మమ్మ అనే చెబుదాం, వినడానికి బాగుంటుంది అన్నారు. నాకు ముఖం మాడిపోయింది. నేను చదివింది నేను చదివాను అని అందామనుకుని, మావయ్య వరస కదా అని మింగేశాను. మావయ్యగారు తల వంచుకుని కూర్చున్నారు. వినపడలేదేమో అనుకున్నాను.

అప్పుడు మా అత్తయ్య, చాటలో పప్పు ఏరుతూ ఏరుతూ, "పుల్లమ్మ అని పెట్టారంటే ఆవిడకి ముందు ఎంతమంది పుట్టి పోయారో పాపం," అంది. పుట్టినవాళ్లు పుట్టినట్టు పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని తినేసిన విస్తరాకుల్లో, పుల్లాకుల్లో పడుకోబెట్టి పుల్లయ్యో పుల్లమ్మో అనేవాళ్లు. పెంటకుప్ప మీద పడుకోబెడితే పెంటయ్య. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు కూడా ముట్టుకోకుండా వెళ్లిపోతుందని. మా అందరికీ తెలిసిన సంగతే, ఆ పేరుతో కలిపి చూసుకోలేదంతే.

మావయ్యగారు తలెత్తారు. ఆయనకి వినపడింది. "నన్ను పెంటిగా అనేది," అన్నారు. "వెంకటసుబ్బయ్య అని ఒక్కనాడూ పిలవలేదు. బళ్లో అందరూ పెంటిగాడు పెంటిగాడు అని ఏడిపిస్తుంటే, ఇంటికొచ్చి ఆవిడతో పోట్లాడేవాణ్ణి, నేనంటే నీకు అంత లోకువా అని. నవ్వేది, చెప్పేది కాదు." మళ్లీ ఆయనే అన్నారు. "మొగుడి పేరు కదా, అనకూడదు. అనకూడదు గాబట్టి, తనని ఎలాంటి పేరు బతికించిందో అలాంటిదే నాకూ పెట్టుకుంది. నా పేరు ఆవిడ పలకలేదు, ఆవిడ పేరు నాకు తెలీదు. ఇద్దరం సరిపోయాం." అని నవ్వబోయారు, నవ్వు సగంలో ఆగిపోయింది. చిన్నమావయ్య చాటలోంచి ఒక పప్పు గింజ తీసి దాన్నే చాలాసేపు చూశారు. బోర్డు సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

విజయవాడ రేవులో ఆ రోజు ఇసుకేస్తే రాలనంత జనం. పంతులుగారు నాయనమ్మ పేరు అడిగారు. మావయ్యగారు చెప్పారు. వినికిడి తక్కువ వాళ్లు ఎంత గట్టిగా మాట్లాడతారో మీకు తెలుసు. అవతలి రేవు వాళ్లు కూడా తిరిగి చూశారు. చిన్నమావయ్య వంతు వచ్చింది. ఆయన ఒక క్షణం నీళ్ల వంక చూసి, పుల్లమ్మ అన్నారు, మెల్లగా, కానీ స్పష్టంగా. మావయ్యగారు నడుం లోతు నీళ్లలో నిలబడి మూడు దోసిళ్లు వదిలి, చేతులు దించకుండా ఇంకా అలాగే ఉండిపోయారు. ఇక చాలు రండి అని మా ఆయన వెళ్లి పట్టుకొచ్చారు.

గట్టున నేను పొడి పంచలు పట్టుకుని నిలబడ్డాను. ఇదంతా నా వల్లే జరిగిందని లోపల ఎంత పొంగిపోతున్నానో చెప్పలేను. పంతులుగారు నా వంక చూసి, మీరూ మీ వాళ్లెవరికైనా దోసెడు నీళ్లు వదలండమ్మా, పుణ్యం అన్నారు. పంచలు అత్తయ్యకిచ్చి హుషారుగా దిగాను. మా అమ్మమ్మకి వదులుతానన్నాను. నన్ను చంకనేసుకుని పొలం వెళ్లేది మా అమ్మమ్మ, కూలికి. పేరు చెప్పండి అన్నారాయన.

దోసిట్లో నీళ్లు పట్టుకుని నోరు తెరిచాను, ఏమీ రాలేదు. మా అమ్మ అప్పటికే లేదు, అడగడానికి. అమ్మమ్మ పేరున సెంటు భూమి లేదు, ఏ పట్టా పుస్తకంలో వెతికేది? నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి. అమ్మమ్మేనండీ, అలాగే వదులుతాను అన్నాను. వదిలేసి, మళ్లీ వంగి ఇంకో దోసెడు తీసుకున్నాను, కారిపోయిన దాని బదులు.

మావయ్యగారు వెళ్లిపోయి మూడేళ్లయింది. నేనిప్పుడు గొలుసుకట్టు కూడా బాగానే చదువుతాను. ఊళ్లో ఎవరికి పాత కాగితం దొరికినా ముందు నా దగ్గరికే తెస్తారు. అయినా ఆ రోజు తడి చీరతో నీళ్లలో నిలబడి, లోకంలో పేర్లన్నీ తనకి వచ్చేశాయనుకున్న ఆ నలభై ఏళ్ల చిన్నపిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. పాపం, చదువు మొదలుపెట్టి ఏడాదేగా అనిపిస్తుంది.