కృపానందం పెరట్లో పేరులేని మొక్క

నాచారంలో కృపానందం పెరట్లో పేరు రాయని వస్తువంటూ ఉండదు. ఫ్యాక్టరీలో ఫిట్టరు కదా, డాల్డా డబ్బాలు కత్తిరించి, ఆ రేకుముక్కల మీద రంగుతో పేర్లు రాసి వేలాడదీస్తాడు. వేపచెట్టుకు ‘వేప’, మేక మెడలో ‘మేక’. భార్య హన్నా ఒకసారి ఒళ్లుమండి, ‘భార్య’ అని తన మెడలోనూ ఒకటి కట్టమంది. ఆయన నిజంగానే కొలత తీసుకున్నాడు.

అలాంటి మనిషి ఒక్క మొక్క దగ్గర ఓడిపోయాడు. మిలిటరీలో చేసిన స్నేహితుడు ఏ కొండల నుంచో తెచ్చి, పేరు చెప్పకుండా ఇచ్చిపోయాడు. కత్తుల్లాంటి ఆకులు, నేలలో లావాటి దుంప, పువ్వు లేదు.

పక్కింటి రుక్కమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. అది వస. రెండున్నరేళ్లొచ్చినా ఆమె మనవరాలు యాదమ్మ నోట ఒక్క మాట రాలేదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే పిల్ల మాట్లాడుతుందని రుక్కమ్మ ఆశ. రోజూ పిల్లను చంకనేసుకుని వచ్చేది.

“కృపానందమన్నా, జర వసకొమ్ము ఇయ్యరాదే.”

“వస కాదు.”

“మరేంది?”

“తెల్వదు. పేరు తెల్వందే ఆకు గూడ ఇయ్య.”

“పేరెందుకే? పెండ్లి సంబంధమా?”

“కాదు!”

వారం రోజులు ఇదే తంతు. ఏడో రోజు రుక్కమ్మ ఏడ్చుకుంటూ వెళ్లి, ఆయనంత పిసినారి ఉప్పల్ దాకా లేడని వాడంతా చాటింది.

మర్నాడు రుక్కమ్మ వచ్చేసరికి కృపానందం మూతి వాచి వంకాయంత అయింది. నోట మాట లేదు.

“అన్నకేమైంది వదినా?”

“నువ్వు ఏడ్సినవని ఆ దుంప గీకి తన నాలుకకే రాస్కున్నడు, వసే అయితే పిల్లకిద్దమని. నోరంత మండిపోయింది. అట్లనే సికిందరాబాద్ పోయి అసలు వస దెచ్చిండు,” అంటూ హన్నా పొట్లం చేతిలో పెట్టింది. పొట్లానికి రేకుముక్క కట్టి ఉంది: ‘వస’.

రుక్కమ్మకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

నెల తర్వాత మొక్క నీలంగా పూసింది. తెలిసిన కాలేజీ లెక్చరరొకాయన వచ్చి, పైకి మూడు, కిందికి మూడు రేకలు లెక్కపెట్టి, ఐరిస్ అని తేల్చాడు. కృపానందం పొంగిపోయి రేకుముక్క మీద రాసి కడుతుంటే, రుక్కమ్మ చంకలోంచి యాదమ్మ మొక్కవైపు వేలు చూపించింది.

“కాదు!”

ఆ మొక్క దగ్గరికొచ్చినప్పుడల్లా పిల్ల విన్నది ఆ మాటే మరి. దాని పేరే అదనుకుంది.

“వస పన్జేసింది!” అని రుక్కమ్మ గంతేసింది.

“వస గాదు, మన కొట్లాట,” అన్నాడు కృపానందం, కళ్లు తుడుచుకుంటూ.

వెంటనే రేకు మీద ఐరిస్ చెరిపేసి ‘కాదు’ అని రాశాడు. లెక్చరరు కస్సుమన్నా వినలేదు.

“పేరు పెట్టినామె ఒప్పుకోవాలె గద సార్!”