ఆపద కోసం చేసిన ముద్దలు

నువ్వులు వేగే వాసనకు అందరికీ నోరూరుతుంది. నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

నిజాం కాలంలో మా బాపు కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య ఉత్తరాల టపా మోసేవాడు. వానాకాలంలో వాగు పొంగితే రెండేసి రోజులు అవతలి గట్టునే చిక్కుకుపోయేవాడు. అందుకని అవ్వ, అంటే మా అమ్మ, వేయించిన జొన్నలు, నువ్వులు, బెల్లం కలిపి దంచి, ముద్దలు చేసి, మూటగట్టి దూలానికి వేలాడదీసేది.

"ముట్టకు బిడ్డా, అవి ఆపదకు," అనేది.

నాకప్పుడు ఏడేళ్లు. ఆపద వచ్చేదే ఈ ముద్దల కోసమని అర్థం చేసుకున్నాను. అవి లేకపోతే అది మా ఇంటికి ఏం పనిమీద వస్తుంది? బాపు క్షేమం కోరి నాలుగు రోజుల్లో అన్నీ తినేశాను. అవ్వకు అనుమానం రాకుండా మూటలో మట్టిపెళ్లలు పెట్టాను.

బాపు ఆ మూటతోనే వెళ్లాడు. వాగు పొంగింది. మూడోనాడు గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు.

"ముద్దలు సరిపోయినయా?" అంది అవ్వ.

"ఎక్కువే అయినయి. ఒకటి మిగిలింది," అని బాపు ఒక మట్టిపెళ్లను చాటుగా నా చేతిలో పెట్టాడు. "ఈసారి నాకు రెండన్న ఉంచు బిడ్డా," అన్నాడు మెల్లగా.

అవ్వకు చెప్పి ఉంటే నాలుగు దెబ్బలతో పోయేది. ఆయన చెప్పలేదు. "తప్పయింది బాపూ" అని నేనైనా అనాల్సింది. ఎప్పుడైనా అనొచ్చులే అనుకున్నాను. ఆయన పోయేదాకా అలాగే అనుకున్నాను.