చెరిపేసిన ఐదు

పదకొండేళ్లుగా ఒక పెన్సిల్ గుర్తును మోస్తున్నాను. పెన్సిల్ గుర్తుకు బరువేమిటని నవ్వొస్తుందేమో మీకు. నా బీరువా తాళంచెవి పట్టుకుంటే చాలు, అరచేతికి చెమట పడుతుంది. ఇంట్లో చెప్పలేదు. తోటి ఉద్యోగులకు అసలే చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను తిరుపతిలో నీళ్లు పరీక్షించే ఒక ప్రజారోగ్య ప్రయోగశాలలో కెమిస్టును. ఫ్లోరైడ్ పరీక్షకు నీళ్లలో ఎర్రటి ద్రావణం కలుపుతాం. ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఆ ఎరుపు వెలిసిపోతుంది. మరీ వెలిసిపోతే యంత్రం చదవలేదు. అప్పుడు ఆ నీళ్లను స్వేదన జలంతో ఐదు రెట్లు పలచన చేసి, మళ్లీ చూసి, వచ్చిన అంకెను ఐదుతో గుణించాలి. మూడో తరగతి లెక్క. మరిచిపోకుండా ఉండటానికి నోటుపుస్తకం మార్జిన్‌లో పెన్సిల్‌తో ×5 అని రాసుకునేవాళ్లం. పరీక్షల పుస్తకంలో పెన్సిల్ వాడకూడదు. నాకు పని నేర్పినామె వాడేది, నేనూ వాడాను.

అవి బ్రహ్మోత్సవాల ముందు రోజులు. కొండ మీది కుళాయిల నీళ్ల సీసాలు బల్ల నిండా ఉన్నాయి. వాటి ఫలితాలు సాయంత్రానికల్లా కావాలి. ఆ తొందరలో సత్యవేడు వైపు ఒక ఊరి బోరు నీళ్లను ఐదు రెట్లు పలచన చేశాను. సున్నా పాయింట్ తొమ్మిది వచ్చింది. మార్జిన్‌లో గుర్తు పెట్టాను. గుణించలేదు. నాలుగున్నర కావలసినది సున్నా పాయింట్ తొమ్మిదిగానే రిపోర్టులోకి వెళ్లింది. ఒకటిన్నర దాటితే తాగకూడదు. ఆ రిపోర్టు చూసి ఆ ఊరి బడి గోడ మీద నీలం రంగుతో ‘మంచినీరు’ అని రాశారు.

ఇంతవరకు పొరపాటు. పొరపాటుకు మా దగ్గర ఒక ఫారం ఉంది. సవరణ రిపోర్టు పంపి, ఒక మెమో తీసుకుని, నాలుగు చివాట్లు తింటే సరిపోయేది.

పది నెలల తర్వాత తనిఖీ వస్తోందని పాత పుటలు సరిచూసుకుంటుంటే ఆ ×5 కంటపడింది. అప్పుడే నా ప్రమోషన్ ఫైలు పైకి వెళ్లి ఉంది. రబ్బరు తీసి చెరిపాను. ఎంతసేపు పట్టిందనుకున్నారు? రబ్బరు పొట్టు ఊదేసేంత. వచ్చే ఏడాది మళ్లీ ఆ ఊరి నీళ్లు వస్తాయి, అప్పుడు అసలు అంకె బయటపడుతుంది, ఎవరికీ ఏమీ కాదు అనుకున్నాను. అలా అనుకున్నానా, అనుకున్నట్టు నటించానా? మంచివని తేలిన బోర్లను మా జాబితాలో చివరికి తోసేస్తారని నాకు తెలియదా? తెలుసు. ఆ జాబితా తయారుచేసేది నేనే.

మరో రెండేళ్లకు ఒకామె వచ్చింది. ఆ ఊరి అంగన్‌వాడీ ఆయా. రెండు బస్సులు మారి, చంకలో రెండు లీటర్ల సీసా పెట్టుకుని వచ్చింది.

“మేడమ్, మా పిల్లోళ్ల పండ్లు గారపట్టినట్టు మరకలు పడతా ఉండాయి. ఎంత తోమినా పోవడంలా. ఈ నీళ్లు ఒకతూరి సూడండి.”

“మీ బోరు రిపోర్టు బాగానే ఉందమ్మా,” అన్నాను.

“ఆడ గోడ మీద రాసిండేది మీరు సెప్పిందేనంట గదా. అందుకే నేరుగా ఈడికే వచ్చినా. ఆరేండ్ల నా మనవరాలు గూడా అవే తాగతా ఉండాది మేడమ్. మంచియేనా?”

“మంచివే. పిల్లలకు పళ్లు సరిగ్గా తోమడం నేర్పించండి.”

ఆ మాట అన్నది నేనే. ఆమె తలూపింది. “మీరు సెప్పినారు, సాలు మేడమ్, ధైర్యంగా ఉండాది,” అని సీసా బల్ల మీదే వదిలి, నాకు దండం పెట్టి వెళ్లింది. ఆ దండం నాకెందుకు?

ఆమె వెళ్లాక నేనే ఆ నీళ్లు పరీక్షించాను. ఎరుపంతా వెలిసిపోయింది. ఈసారి గుణించాను. నాలుగు దాటింది. సీసాను సింకులో వంచేశాను. పొరపాటు అనే మాట వెనక దాక్కునే వీలు కూడా ఆరోజుతో పోయింది.

ఆ తర్వాత నేను ఎటూ కదల్లేకపోయాను. ఆ బోరును మళ్లీ పరీక్షకు పిలిస్తే పాత పుట తీస్తారు. పాత పుట తీస్తే చెరిపింది కనబడుతుంది. చెరిపింది ఒప్పుకుంటే, ఆమె తెచ్చిన సీసా ఏమైందని అడుగుతారు. ఒక్కో ఏడాది గడిచేకొద్దీ, ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావనే ప్రశ్న ఇంకా పెద్దదైంది. ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆ పుస్తకం ఉన్న బీరువా ఇంకొకరి చేతికి వెళుతుంది! ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు రిపోర్టుల మీద ఆఖరి సంతకం నాదే. కొత్తగా చేరినవాళ్లకు పెన్సిల్ ముట్టుకోవద్దని క్లాసు పీకేది కూడా నేనే. నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఈ ఉదయం ఒక కాగితం నా బల్ల మీదికి వచ్చింది. గడువు తీరిన నోటుపుస్తకాల జాబితా. నేను సంతకం పెడితే వాటిని ముక్కలు చేస్తారు. ఆ పుస్తకం కూడా అందులో ఉంది. ఇన్నేళ్లూ నేను ఎదురుచూసింది ఈ కాగితం కోసమే కదా? పెన్ను మూత తీశాను. ఆ ఊరికి ఇప్పుడు పైపు నీళ్లు వచ్చాయి, కానీ రోజు విడిచి రోజు. మిగతా రోజుల్లో ఆ బోరే. ఇది నేను ఎవరినీ అడగకుండా, మా ఆఫీసుకొచ్చే కాగితాల్లోనే చూసి తెలుసుకుంటూ వచ్చాను.

బీరువా తీశాను. ఆ పుటను కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాను. పెన్సిల్ గీత పోయింది కానీ కాగితం మీద నొక్కుడు అలాగే ఉంది. ఆ నొక్కుడులోనే సిరాతో ×5 రాశాను. పక్కన నాలుగున్నర. కింద ఇలా రాశాను: ‘అప్పుడు గుణించడం మరిచాను. తర్వాత తెలిసీ చెరిపాను. ఊరివాళ్లు తెచ్చిన నీళ్లను పరీక్షించి, ఫలితం దాచి, పారబోశాను.’ ఈనాటి తేదీ వేసి సంతకం చేశాను. బోరు వెంటనే మూయించమని ఉత్తరం రాసి, దాన్నీ ఆ పుస్తకాన్నీ మా పై అధికారి బల్ల మీద పెట్టి వచ్చాను.

ఆయన ఇంకా గదికి రాలేదు. నేను నా కుర్చీలో కూర్చుని మీకిది రాస్తున్నాను. ఆ మనవరాలికి ఇప్పుడు పద్నాలుగో పదిహేనో ఉంటాయి. మరకపడిన పళ్లు నా సంతకంతో తెల్లబడవు. క్షమించమని అడగడానికి ఆ ఆయా పేరు కూడా నాకు తెలియదు. ఆరోజు అడగలేదు. భయం పోలేదు. కానీ ఆ పుస్తకం నా బీరువాలో లేదు.