బోరింగు మీదికి ఎండ వచ్చాక

మొన్న ఖమ్మంలో ఒక హోటల్ హాల్లో 'చదువులో పిల్లల మాట' అనే సభకు వెళ్లాను. వేదిక మీద అందరూ నా ఈడువాళ్లే. పిల్లలు లేరా అంటే ఉన్నారు, పూలగుత్తులు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డారు. ఇలాంటి సభల వార్తలు రాసీ రాసీ విసిగిపోయినవాణ్ణి. భోజనం బాగుందని మాత్రం ఒప్పుకోవాలి. వంకాయ కూర వడ్డించుకుంటుంటే, ఒకప్పుడు పిల్లల మాట నిజంగానే అడిగిన మా చిన్నమ్మ గుర్తుకొచ్చింది.

చిన్నమ్మ జూలూరుపాడు అవతల అడవి పల్లెలో టీచరుగా చేసేది. చర్చికైనా బడికైనా ఆలస్యంగా వచ్చేవాళ్లంటే ఆమెకు గిట్టదు. కానీ ఎండలు మొదలై ఇప్పపూలు రాలే రోజుల్లో పిల్లలంతా తెల్లారకముందే గంపలతో అడవికి పోతారు. పశువులు మేసేలోపే పూలు ఏరుకోవాలి. గంట కొట్టేవేళకు బడిలో చిన్నమ్మ, ఒక మేక మిగిలేవారు. ఏడో తరగతి పిల్ల ఒకతె పై చదువుకు పట్నం బడికి పోవాలని ఆశపడేది. హాజరు తగ్గి పేరు కొట్టేస్తే ఇక మిరప కోతకే అని తండ్రి ముందే చెప్పేశాడు.

నేను చుట్టపుచూపుగా వెళ్లిన ఏడు, చిన్నమ్మ పిల్లలనే అడిగింది. "గంట ఎప్పుడు కొట్టాల్నో మీరే చెప్పున్రి." అంతకుముందు వాళ్లను ఎవరూ ఏదీ అడగలేదు కాబోలు, తమ భాషలో చాలాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి ఆ పిల్లే లేచింది.

"పూలు ఆరబోసి వస్తం టీచరమ్మా. బడి ముంగలి బోరింగు మీదికి ఎండ వచ్చినంక కొట్టు. పొద్దుగూకేదాక కూసుంటం."

"పొద్దుగూకేదాకనా? నాకు ఇల్లు లేదానే?"

"మీకు అన్నం మేమే వండి పెడ్తం," అన్నాడు వెనక నుంచి ఒకడు.

ఆ తర్వాత కొన్నాళ్లు బడి నిండింది, తరగతంతా ఇప్పపూల తీపి వాసన. ఒకరోజు పొద్దున్నే తనిఖీకి అధికారి వచ్చాడు. ఖాళీ బడి చూసి చిన్నమ్మ మీద లేచాడు. ఆ పిల్ల గంపతోనే పరుగెత్తుకొచ్చింది.

"సార్, టైం మేం పెట్టుకున్నం."

"పిల్లలు పెట్టుకునుడేందమ్మా?" అని ఆయన ముద్దుగానే నవ్వి, దాని తల నిమిరి, గంటను పాత వేళకే మార్పించి వెళ్లాడు. సీజను పూర్తయ్యేలోపే హాజరు పట్టీలోంచి దాని పేరు పోయింది. ఆ పిల్ల మిరప తోటలో ఎర్రబడిన కళ్లతో కనిపిస్తే, చిన్నమ్మ పలకరించలేక తల దించుకుని వచ్చేసిందట.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, ఇప్పపూల కాలంలో ఆమె రెండుసార్లు గంట కొట్టేది. రికార్డు కోసం ఒకసారి, ఎండ చూసి మరోసారి. ఇప్పుడు రెండో గంట లేదు. ఎండ మాత్రం ఆ బోరింగు మీదికి రోజూ, ఆ పిల్ల చెప్పిన వేళకే వస్తూ ఉంటుంది.